మైదానం తాళంచెవి

2025వ సంవత్సరం నవంబరు చివరను, డిసెంబరు మొదటను మదురైలో ప్రపంచ జూనియర్ హాకీ పోటీలు జరిగినవి. మొత్తం 24 దేశాల జట్లు. కొన్ని ఆటలు చెన్నైలో, కొన్ని మదురైలో. మా రాజపాళయానికి మదురై ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే ఆట చూసుకొని రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చును. మా వీథి కుర్రవాళ్లు నలుగురైదుగురు అలాగే పోయి చూసివచ్చారు. వచ్చినవాళ్లు ఆటనుగురించి చెప్పినదానికంటె నేలనుగురించి చెప్పినదే ఎక్కువ. నేల నీలంగా వున్నదట! దానిమీద నీళ్లు చల్లి మరీ ఆడతారట! ఎక్కడా ఒక గుంట లేదట, ఒక రాయి లేదట!

"మన ఊళ్లోనూ అలాంటిదొకటి ఎందుకు కట్టరాదు?" అని వాళ్ల ప్రశ్న. ఆ సాయంకాలమంతా టీకొట్టు దగ్గర అదే చర్చ. ఒకరు గ్యాలరీలన్నారు, ఒకరు ఫ్లడ్‌లైట్లన్నారు. ఒకరైతే గేటుమీద ఎవరి పేరు వుండవలెనో కూడ నిర్ణయించివేశారు. మాకు వరుసకు మామ అయ్యే పెద్దాయన ఒకరు, మిల్లులో పనిచేసి విరమించినవారు, అంతా విని, "అంతా బాగుందప్పా. తాళంచెవి ఎవరి దగ్గర వుంటుంది?" అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. టీ డబ్బులిచ్చి ఎవరిళ్లకు వాళ్లం వచ్చివేశాము.

ఆఫీసులో పద్దులు రాసుకొనేవారము గనుక ఆ ప్రశ్న మమ్ములను విడువలేదు. ఏ కట్టడానికైనా రెండు పద్దులు వుంటవి. ఒకటి కట్టే పద్దు. అది ఒక్కసారి ఖర్చు. దానికి శంకుస్థాపన వుంటుంది, పత్రికలో ఫొటో వుంటుంది, శిలాఫలకం వుంటుంది. రెండవది నడిపే పద్దు. కావలివాని జీతం, కరెంటు, నీళ్లు, గడ్డి కోత, పాయఖానాల శుభ్రం. దీనికి ఫొటో లేదు. మొదటిదానికి డబ్బిచ్చేవారు ఎంతోకొంత ప్రయత్నంమీద దొరుకుతారు, రెండవదానికి దొరకరు. దొరకనప్పుడు గేటుకు తాళం పడుతుంది.

మేము చదువుకొనే రోజుల్లో ఇలాంటిదొకటి కళ్లారా చూశాము. ఊరి పేరెందుకు గాని, ఒక పెద్ద ఖాళీ తిడల్ వుండేది. ఒక మూల క్రికెట్టు, ఒక మూల కబడ్డీ, వేపచెట్టు వైపున ఆడపిల్లల ఖో-ఖో, మధ్యలో మేకలు. దానిని స్టేడియంగా మార్చుతామన్నారు. చుట్టూ గోడ లేచింది, ఒక పక్క మెట్ల గ్యాలరీ లేచింది, ప్రారంభోత్సవానికి మాచేత ఎండలో డ్రిల్లు చేయించారు. ఆపైన కావలివానికి జీతమెవరివ్వవలెనన్న తగాదా వచ్చి గేటుకు తాళం వేశారు. లోపల సర్కారుతుమ్మ మొలిచింది. గోడ దూకగలిగిన మగపిల్లలం కొన్నాళ్లు దూకి ఆడుకొన్నాము. ఒకనికి గోడమీది గాజుపెంకులు గుచ్చుకొని అరచేతికి కుట్లు పడ్డవి. ఆడపిల్లలు దూకలేదు. వాళ్ల ఆట అంతటితో సరి. ఆ వేపచెట్టు కింద మాకంటె వేగంగా పరుగెత్తే పిల్ల ఒకతె వుండేది. తరువాత ఆమె పరుగెత్తగా మేము చూడలేదు.

ఇది చిన్న ఊళ్ల అవస్థ మాత్రమే అనుకోనక్కరలేదు. హైదరాబాదు సంగతి చూడండి. ఫతేమైదానంలో 1955 నవంబరులో న్యూజీలాండుతో టెస్టు ఆడినప్పుడు ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. మన దేశంవాడు టెస్టులో రెండువందలు దాటడం అదే మొదలు. 1967లో దానికి లాల్‌బహాదుర్ పేరు పెట్టారు. 1999 నవంబరులో అక్కడే సచిన్, ద్రావిడ్ ఇద్దరూ కలిసి 331 పరుగులు జోడించారు. ఆ రోజు మేము టి.వి. ముందునుంచి అన్నానికి కూడ లేవలేదు. ఇంత చరిత్ర వున్నా, ఆ స్థలం ప్రభుత్వానిది, క్రికెట్టు సంఘంవారు అందులో అద్దెకున్నవారివంటివారు. సొంతిల్లు కట్టుకొందామని వారు ఉప్పల్‌కు పోయారు; 2005నుంచి పెద్ద ఆటలు అక్కడనే. ఆ ఉప్పల్ స్టేడియానికి మొదట ఒక పరిశ్రమవారు డబ్బిచ్చి తమ పేరు పెట్టుకొన్నారు. తరువాత పేరు మారింది, తగాదా కోర్టుల దాకా పోయింది. అదీ అయిపోయింది అనుకొంటే, 2024 ఏప్రిలులో, ఐ.పి.యల్. ఆట ఒకటి తెల్లవారితే జరగవలసి వుండగా, కోటిన్నరకు పైబడిన బాకీ కట్టలేదని విద్యుచ్ఛక్తి సంస్థవారు కరెంటు తీసివేశారు! మళ్లీ ఇచ్చారు, ఆటా జరిగింది. కాని వేలాదిమంది కూర్చునే గ్యాలరీలున్న చోట కూడ కరెంటు బిల్లు మన వీథి చివర ఇస్త్రీ అంగడికి వచ్చినట్లే నెలనెలా వస్తుందన్నమాట.

అదే నగరంలో గచ్చిబౌలి వున్నది. 2002లో జాతీయ క్రీడలకు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు అక్కడ పెద్ద ఏర్పాట్లు చేశారు. క్రీడాకారులకని లేపిన పద్నాలుగంతస్తుల భవనాన్ని 2020లో కరోనా రోగులకు ఆస్పత్రిగా మార్చారు. ఆ కష్టకాలంలో అది మంచిపనే, తప్పు పట్టము. ఐతే అంత భవనం అంత త్వరగా ఖాళీగా దొరకడంలోనే దాని ముందు సంగతి కొంత తెలుస్తున్నది.

విశాఖపట్నం కథ మరొక తీరు. ఊరి నడుమనున్న నగరపాలకసంస్థ స్టేడియంలో 1988నుంచి 2001వరకు అయిదు అంతర్జాతీయ వన్డేలు జరిగినవి. తరువాత క్రికెట్టు సంఘంవారు ఊరి శివారున సొంతంగా కట్టుకొన్నారు; 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తానుమీద 148 కొట్టినది ఆ కొత్త చోటనే. పెద్ద ఆటతోపాటే పెద్ద డబ్బూ అటు పోయింది.

కెనడాలో మాంట్రియాల్ నగరంవారు 1976 ఒలింపిక్సుకు కట్టిన స్టేడియం అప్పు 2006లో గాని తీరలేదు. ముప్పై ఏళ్లు! అందుకోసం పొగాకుమీద పన్ను వేసి వసూలు చేశారు. అంటే ఆ ఆటలు జరిగేనాటికి పుట్టనివాడు పెరిగి, చుట్ట కాల్చి, ఆ బాకీ తీర్చాడు.

అన్నీ ఇలాంటివే అని చెప్పడం న్యాయం కాదు. మద్రాసు కార్పొరేషన్ స్టేడియంలో 1956 జనవరిలో మన్కడ్, పంకజ్ రాయ్ మొదటి వికెట్టుకు 413 పరుగులు చేశారు. ఆ రికార్డు 52 సంవత్సరాలు నిలిచింది. ఆ తరువాత టెస్టులు చేపాక్కం పోయినవి. స్టేడియం పాడుపడలేదు. 1993లో దానిని పునర్నిర్మించి, ఫుట్‌బాలుకు, పరుగుపందేలకు అనువుగా చేసి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం అన్నారు. పోయిన ఆటకోసం ఏడవకుండ వున్న ఆటలకు తగినట్లు బాగుచేయడం తెలివైన పని.

ఇక మా ఊరికి వద్దాము. 2001 జనాభా లెక్కల్లో రాజపాళయం 1,21,982 మంది, 2011లో 1,30,442. ఊరు ఇంతే పెరిగిందా అంటే, పట్టణపు హద్దు దాటి చుట్టుపట్ల పంచాయతీలలోకి ఇళ్లు పోయినవి గనుక లెక్క తక్కువగా కనబడుతున్నది. పొలాలు ప్లాట్లైనవి. ప్లాట్లు వేసేటప్పుడు ఆటస్థలమని గీసిన చోటు కాగితంమీద ఎక్కడున్నదో, నేలమీద ఎక్కడున్నదో పోల్చి చూసేవారు అరుదు.

400 మీటర్ల పరుగుబాట, ఎనిమిది వరుసలతో, దాని నడుమ ఫుట్‌బాలు మైదానంతో కలిపి, సుమారు నాలుగెకరాలు పడుతుంది. గ్యాలరీ, బండ్లు నిలిపే చోటు, దారి కలుపుకొంటే ఇంకా కావాలి. ఇది మొదటి లెక్క. రెండవది నీళ్లు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల గడ్డిమైదానాన్ని ఎండాకాలంలో రోజుకు అయిదు మిల్లీమీటర్లు తడపాలంటే 35,700 లీటర్లు కావాలి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రమాణం. అంటే 264 మంది నీళ్లు ఒక్క గడ్డి తాగుతుంది. కుళాయి దగ్గర బిందెలు వరుసపెట్టిన రోజున ఈ లెక్క ఎవరైనా అడిగితే ఏమి చెబుతాము? మురుగునీటిని శుద్ధిచేసి పారించే కాలువ ముందు వేసి, గడ్డి తరువాత వేయవలె.

నీలపు నేలమీద మా కుర్రవాళ్లకున్న మోజును కాదనము. చెన్నైలో 2023 ఆసియా చాంపియన్స్ ట్రోఫీకి వేసిన హాకీ నేల పారిస్ ఒలింపిక్సుకు ఎంచుకొన్న రకమే. అందులో చాలాభాగం చెరకునుంచి తీసిన పదార్థంతో చేసినదట. మన వైపు చెరకు బెల్లానికే అనుకొన్నాము! కాని కృత్రిమపు నేలైనా, పరుగుబాటైనా సాధారణంగా ఎనిమిది పదేళ్లు వస్తుంది. పిమ్మట తీసి కొత్తది వేయవలసినదే. ఆ డబ్బు ఏటా పదోవంతు చొప్పున పక్కన పెట్టకపోతే పదకొండో ఏట అది చిరిగిన చాప. మా మాట అడిగితే, మొదట మంచి మట్టిబాట, గడ్డి, నాలుగు దీపస్తంభాలు, ఆడపిల్లలకు తాళం సరిగా పడే పాయఖానా, మార్చుకొనే గది. గ్యాలరీ చివరకు. చూసేవాడు గట్టుమీదనైనా కూర్చుంటాడు.

డబ్బు దారులు లేకపోలేదు. తమిళనాడు ప్రభుత్వం శాసనసభా నియోజకవర్గానికొక చిన్న స్టేడియమని, ఒక్కొక్కటి 3 కోట్ల అంచనాతో 2023నుంచి విడతలుగా మొదలుపెట్టింది. పార్లమెంటు సభ్యునికి ఏటా 5 కోట్ల నియోజకవర్గ నిధి వున్నది. అది ముఖ్యంగా కట్టడానికే గాని ఏటేటా నడపడానికి కాదు. 'నమక్కు నామే' పథకం వున్నది. 1997లో మొదలై 2021లో మళ్లీ తెచ్చారు. అందులో ప్రజలు కనీసం మూడోవంతు వేసుకొంటే తక్కినది ప్రభుత్వం కలుపుతుంది. మిల్లులున్న ఊరు మాది. 1936లో రాజపాళయం మిల్స్ పెట్టిన పి.ఏ.సి. రామస్వామిరాజాగారి ఊరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు తమ లాభంలో నూటికి రెండు సమాజానికి ఖర్చుపెట్టవలె; ఆ జాబితాలో ఆటల శిక్షణ కూడ వున్నది. ఇవ్వడమన్నది ఈ ఊరికి కొత్తా? మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామిరాజాగారు తమ ఇంటినే గాంధీ కళామన్రానికి ఇచ్చివేశారు.

ఐతే నడిపే పద్దు? గుమాస్తా బుద్ధి గనుక కాగితంమీద వేసి చూశాము. 3 కోట్ల కట్టడానికి ఏటా నూటికి అయిదు చొప్పున 15 లక్షలు పెట్టుకొందాము. నెలకు లక్షా పాతికవేలు. పొద్దున నడకకు వచ్చే పెద్దలు 500 మంది నెలకు నూరేసి రూపాయలిస్తే 50,000. కోయంబత్తూరు నెహ్రూ స్టేడియం చుట్టూ వున్నట్లుగా పది అంగళ్లు కట్టి అయిదువేల చొప్పున అద్దెకిస్తే మరొక 50,000. తక్కిన పాతికవేలు సంఘాలు, మిల్లులు పంచుకోవచ్చును. ఇవి మా ఊహలెక్కలే, తేడాలుంటవి. గట్టిగా కోరేది ఒకటే: ఆ అద్దె, ఆ రుసుము మునిసిపాలిటీ పెద్ద ఖాతాలో కలిసిపోకుండ మైదానానికే వేరొక చిట్టా వుండవలె. పెద్ద ఖాతాలో పడ్డ రూపాయి మళ్లీ మైదానానికి రావడమంటే ఎన్ని సంతకాలో మాకు తెలుసును. పిల్లలదగ్గర మాత్రం పైసా తీసుకోరాదు. సాయంకాలం నాలుగునుంచి ఏడువరకు గేటు తీసివుండవలె. ఎవరి సభ వున్నా, ఎవరి పెళ్లి వున్నా సరే. వారానికి రెండు సాయంకాలాలు ఆడపిల్లలవే అని బోర్డు రాసి పెట్టవలె.

ఈ లెక్క మామకు చూపించాము. కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివారు. "కావలివాడు సెలవు పెట్టిన రోజున?" అన్నారు. అది మాకు తోచనేలేదు. రెండవ తాళంచెవి పక్క పాఠశాల డ్రిల్లు మాస్టరుగారి దగ్గర వుండవలెనని పెన్సిలుతో కింద చేర్చాము.

సంఘంవారు ఈ విషయమై మునిసిపాలిటీకి అర్జీ పెట్టితే బాగుంటుందని మా మనవి. దానికి ముందు ఒక్క సహాయం కావాలి. మీ పేటకు చేరువలో నాలుగెకరాలకు తగ్గని పోరంబోకు గాని, వాడుకలో లేని స్థలం గాని ఎరిగినవారు, దానికి దారి ఏ వైపున వున్నదో, వాన కురిస్తే నీరెటు పోతుందో, ఇప్పుడు అక్కడ ఎవరు ఆడుతున్నారో రాసి పత్రిక చిరునామాకు ఒక కార్డు వేయగోరుతున్నాము.