కరెంటు రైలు ఎలా నడుస్తుంది?

అక్కల్లారా, రైలు స్టేషనులో తలెత్తి చూడండి. పట్టాల పైన తీగ ఉంటుంది. ఇంజను నెత్తిమీది చట్రం ఆ తీగను రాసుకుంటూ పోతుంది. దాని గుండా కరెంటు ఇంజనులోకి దిగుతుంది. లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఓల్టేజీ తగ్గిస్తుంది. అప్పుడు ఇరుసుల దగ్గరి మోటార్లు తిరుగుతాయి. పిండిమరలో మోటారు రాయిని తిప్పుతుంది కదా! ఇవి చక్రాలను తిప్పుతాయి. కరెంటు పట్టాల గుండా వెనక్కి పోతుంది.

మన దేశంలో తొలి కరెంటు రైలు 1925లో బొంబాయిలో నడిచింది. ఇప్పుడు ఈ తీగలో 25,000 ఓల్టులు ఉంటాయి. మన ఇంటి కరెంటు 230 ఓల్టులే! ఆ తీగను ముట్టుకోనక్కర లేదు. దగ్గరికి పోతే చాలు, కరెంటు గాలిలోనే దూకుతుంది. రైలు కప్పు ఎక్కి కాలిపోయినవాళ్ళు ఉన్నారు. పట్టాల పక్కన చింతచిగురు కోసమని దోటి ఎత్తకండి. తడి కర్రలోనూ కరెంటు పారుతుంది. తీగ తెగి పడితే దగ్గరికి పోవద్దు. వెంటనే స్టేషను మాస్టరుకు చెప్పండి.