హైదరాబాదునుండి దుబాయికి

జీవనోపాధికై దుబాయికేగువారిని సాగనంపి, గడియారము చూచుచు కూర్చుండు తల్లులకును భార్యలకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హైదరాబాదునుండి దుబాయికి ఆకాశమార్గమున సుమారు 2,550 కిలోమీటర్లు. విమానము రమారమి 4 గంటలలో చేరును. అచ్చటి గడియారము మనకంటె గంటన్నర వెనుకబడి యుండును. టిక్కెట్టుపై దిగువేళ ఆ యూరి కాలమానము ననుసరించియే యుండును. ఉదయము 10 గంటలకు బయలుదేరినవారు అచ్చట 12-30కు దిగుదురని యందు కనబడును. మనకప్పుడు 2 గంటలు. తనిఖీలు ముగించుకొని వెలుపలికి వచ్చుటకు మఱికొంత వేళ పట్టును. కావున 12-30 దాటినను వార్త రాలేదని తల్లడిల్లవలదు.

చలికాలమున పైగాలి పడమటినుండి వీచుటచే తిరుగుప్రయాణము సుమారు మూడున్నర గంటలలోనే ముగియును. అయినను టిక్కెట్టులోని వేళలను బట్టి 5 గంటలు పట్టినట్లు తోచును.

ఈ లెక్క తెలిసికొన్నచో, అన్నము వండి యెదురుచూచు తల్లికి సగము బెంగ తీరును.