బొగ్గుపొరలలోని వాయువు

రాయలసీమయందలి నల్లమాడ ప్రాంతమున బోరు వేయించు రైతునకు కొలది అడుగుల మన్ను దాటినంతనే తగులునది రాయి. ధరణిపై అరణ్యములు మొలవకపూర్వమే ఘనీభవించిన ఆ ప్రాచీనశిలలో బొగ్గును గాని, బొగ్గునంటియుండు వాయువును గాని వెదకుట వ్యర్థము. అయినను ఆ బోరుమోటారును త్రిప్పు విద్యుత్తునకు తోడ్పడు రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము ముద్దనూరు చెంత కాల్చుచువచ్చిన బొగ్గు గోదావరీతీరపు సింగరేణి గనులనుండి రైళ్లపై వచ్చినదగుటచేత, ఆ బొగ్గుతో పాటు భూగర్భమున దాగియున్న మీథేను సంగతి మనకు పరాయిది కాదు.

సుమారు 25, 30 కోట్ల సంవత్సరములకు ముందు చిత్తడినేలలలో కూలి, మన్నుక్రింద పూడి, ఒత్తిడికిని వేడిమికిని లోనై బొగ్గుగా మారిన వృక్షసంపదనుండియే ఈ వాయువు జనించినది. గోబర్ గ్యాసు పొయ్యిలో నీలిమంటయై వెలుగునదియు ఇదియే. పేడనుండి దినములలో పుట్టునది బొగ్గునందు యుగములుగా బందీయై యున్నది: బొగ్గులోని సూక్ష్మరంధ్రముల గోడలనంటి, పొరలోని నీటి ఒత్తిడిచేత కదలలేక నిలిచియుండును. కావున బావి త్రవ్వి మొదట ఆ నీటిని తోడవలెను. ఒత్తిడి తగ్గినకొలది వాయువు విడివడి, బొగ్గుచీలికల వెంట బావిని చేరును. తొలినెలలలో నీరే అధికము. నీరు తగ్గగా వాయువు హెచ్చును.

బొగ్గుబాయి కార్మికునకు ఈ వాయువు చిరకాలశత్రువు. గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు కలిసినపుడు నిప్పురవ్వ సోకిన చాలును, గని ప్రేలును. 1958 ఫిబ్రవరిలో బెంగాలునందలి చినకూరి గనిలో నూటడెబ్బదిమందికి పైగా కార్మికులు అట్లే అసువులు బాసిరి. ఆ భయముచేతనే దీనిని పంకాలతో బయటి గాలిలోనికి వదలుచుందురు. కాని శతాబ్దకాలపు లెక్కన బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు అధికముగ భూతాపమును పెంచు పదార్థమును, అదియు మంచి ఇంధనమును, ఇట్లు వదలుట రెండు విధముల నష్టము. అమెరికాలోని అలబామా రాష్ట్రమున 1970 ప్రాంతములందు కార్మికుల రక్షణకై ముందుగ వాయువును తీయ మొదలిడి, దానినే ఇంధనముగ విక్రయింప నేర్చిరి.

మనదేశమున 1997లో దీనికి ప్రత్యేకవిధాన మేర్పడగా, 2007లో బెంగాలునందలి రాణీగంజునందును, 2017లో మధ్యప్రదేశమునందలి సోహాగపురమునందును వాణిజ్యోత్పత్తి ప్రారంభమైనది. 1871లో విలియం కింగు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొన్న నాటినుండి ప్రఖ్యాతమైన మన గోదావరిలోయ మాత్రము వెనుకబడినది. ఈ వాయుక్షేత్రముల మూడవ విడత వేలములో ఇచటి క్షేత్రములకును 2006లో ఒప్పందములు కుదిరినవి గాని, వాణిజ్యోత్పత్తి వెలువడలేదు. రాణీగంజు నెలవైన దామోదరలోయ బొగ్గుతో పోల్చిన మన బొగ్గున వాయువు తక్కువ యనుట నిజమే. అయినను, పైపొరలను చూచి లోతుపొరలపై తీర్పు చెప్పుట తొందరపాటని నా అభిప్రాయము.

అంతకంటె నన్ను కలవరపెట్టునది నీరు. ఇట్టి బావులనుండి వచ్చు నీరు తరచుగా ఉప్పదనమును, సోడియమును కలిగియుండును. శుద్ధి చేయక పొలములపై వదలినచో నేల చౌడుబారును. చుక్కనీటికై వందల అడుగుల లోతునకు బోర్లు దింపి, వేరుశనగ పైరు ఎండుట కన్నులార చూచిన ఈ సీమవాసులకు ఇది వివరింపనక్కరలేదు. కావున సింగరేణివారు లోతుపొరలలో వేయు ప్రతి పరిశోధనపు బోరునందును వాయుపరిమాణమును కొలిచి ప్రజలకు ప్రకటింపవలెననియు, తోడిన నీరు ఎచటికి పోవునో, ఎవరు శుద్ధి చేయుదురో ఒప్పందమునందే వ్రాయించిన పిదపనే ప్రభుత్వము బావులకు అనుమతి నీయవలెననియు నా విజ్ఞప్తి.