గోడమీది ఫోటో

మీ ఇంట్లో గోడకు పాత ఫోటో ఉందా? అమ్మదో, నాన్నదో, అత్తమ్మదో. చాలా ఇళ్లల్లో అలాంటిది ఒక్కటే ఉంటుంది. వానకు తడిసి ఉంటుంది. ఒక మూల చెదలు తిని ఉంటుంది. ముఖం కూడా సరిగా ఆనదు.

“ఫోన్‌లో పెడితే కొత్తదానిలా అయిపోతుందమ్మా” అంటారు పిల్లలు. నిజమే, అవుతుంది. నిమిషంలో అవుతుంది. మరకలు పోతాయి. నలుపు తెలుపు ఫోటోకు రంగులొస్తాయి. ఆ ముఖం చూస్తే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. అలా చూడాలని ఆశపడటం తప్పు కాదు. కాని ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకుని చేయించాలి.

ఈ పని చేసేది ఏఐ. తెలుగులో కృత్రిమ మేధ అంటున్నారు. కృత్రిమం అంటే మనిషి తయారుచేసింది. మేధ అంటే తెలివి. దీనికి ముందుగా లెక్కలేనన్ని ఫోటోలు చూపిస్తారు. ముక్కు ఎలా ఉంటుంది, చీర కుచ్చిళ్లు ఎలా పడతాయి అన్నది అది వాటినుంచి నేర్చుకుంటుంది. మన ఫోటోలో చెరిగిన చోట ఏముండేదో దానికి తెలియదు. ఇలా ఉండొచ్చు అని ఊహించి నింపేస్తుంది.

పూర్వం ఫోటో స్టూడియోల్లో కూడా ఫోటోలు దిద్దేవారు. సన్నటి కుంచెతో రంగులు వేసేవారు. అయితే ఆ దిద్దేవాడు మనల్ని అడగగలడు. “అమ్మగారి చీర ఏ రంగు? ముక్కుపుడక ఎటువైపు?” అంటాడు. మనం చెబుతాం. యంత్రం మామూలుగా అలా అడగదు. మనం చెప్పకపోతే దానికి తోచిన రంగు వేస్తుంది.

అందుకే వచ్చిన ఫోటోను పట్టి పట్టి చూడండి. చెంప మీది పుట్టుమచ్చ ఉందా? ముంజేతి మీది పచ్చబొట్టును మరక అనుకుని తీసేసిందా? ఎత్తుపళ్లను వరసగా పేర్చేసిందా? చామనఛాయ మనిషిని తెల్లగా చేసిందా? ఫోటో అందంగానే ఉంటుంది. కాని ఆమె అమ్మ కాదు, అమ్మలాంటి ఇంకెవరో. రోజూ ఆ ఫోటోకే దండం పెడుతుంటే కొన్నాళ్లకు అసలు ముఖం మనకే గుర్తుండదు. నాకు భయం వేసేది అక్కడే.

ఇంకొకటి కూడా జరుగుతోంది. కూతురి పెళ్లి ఫోటోలో చనిపోయిన తండ్రిని కలిపి, అక్షింతలు వేస్తున్నట్టు చేయిస్తున్నారు. ఆ తల్లి మనసు అర్థమవుతుంది. వద్దు అనడానికి నాకు నోరు రాదు. కాని రేపు మనవళ్లు దాన్ని చూసి, తాత పెళ్లికి ఉన్నాడనే అనుకుంటారు. దాని కింద ‘కలిపిన ఫోటో’ అని రెండు మాటలు రాసి ఉంచితే చాలు.

మన ఫోటోల మాటేమిటి? 2025 ఆగస్టులో గూగుల్ కంపెనీ ఫోటోలు మార్చే కొత్త సాధనం తెచ్చింది. దాన్ని నానో బనానా అన్నారు. సెప్టెంబరులో ఎంతోమంది ఆడపిల్లలు తమ ఫోటోలు పెట్టి, పాత సినిమా నాయికల్లా చీరలు కట్టించుకున్నారు. కట్టకుండానే పట్టుచీర! సరదాగానే ఉంది. కాని ఇలాంటి సాధనాల్లో పెట్టిన ఫోటో చాలాసార్లు మన ఫోన్‌లోనే ఉండిపోదు. ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరుకు వెళుతుంది. అలాంటి పేర్లతో దొంగ యాప్‌లు కూడా వస్తాయి. వీటి గురించి అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న వి.సి. సజ్జనార్ కూడా హెచ్చరించారు. ఫోటో మార్చడానికి ఓటీపీ, బ్యాంకు నంబరు అక్కర్లేదు. అడిగితే అది దొంగదే. డబ్బు పోయిందా, వెంటనే 1930కి ఫోన్ చేయండి. వయసొచ్చిన పిల్లల ఫోటోలు ఇలాంటివాటిలో పెట్టకపోవడమే మేలు. ఒకరి ముఖం తీసి ఇంకొకరి ఒంటికి అతికించేవాళ్లు ఉన్నారు.

ఇక గోడమీది ఫోటో సంగతి. ముందు దాన్ని నీడపట్టున, వెలుతురు బాగా ఉన్నచోట పెట్టి ఫోన్‌తో ఒక ఫోటో తీయించండి. అద్దానికి అంటుకుని ఉంటే పీకొద్దు, చిరుగుతుంది. యంత్రంతో దిద్దించేది ఆ నకలునే. అసలుదాన్ని పారేయవద్దు.

దాని వెనుక మీ చేత్తోనే పెన్సిలుతో రాయండి. గట్టిగా నొక్కితే ముందు వైపుకు గీత పడుతుంది, మెల్లగా రాయాలి. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం. తర్వాత మీకు మాత్రమే తెలిసిన సంగతులు. ‘మా అమ్మ. ఆకుపచ్చ నేత చీర. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ.’