ముల్లు పైకి లేవని ఇంజిన్

డిసెంబరు తెల్లవారుజామున తార్నాక చౌరస్తాలో స్వెట్టర్లు కనిపిస్తాయి గానీ, లారీ క్యాబిన్‌లో హీటర్ కోసం చెయ్యి చాపే డ్రైవర్ అరుదు. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో సరుకు ఎత్తుకునే లారీలవాళ్లకు ఇంజిన్ మరుగుతుందేమోనన్నదే భయం. ఇంజిన్ చల్లగా ఉండిపోవడం కూడా జబ్బేనని చాలామందికి తట్టదు.

ఊరు దాటాక ఆ జబ్బు బయటపడుతుంది. హైదరాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన శ్రీనగర్ చేరుతుంది. చలి ముదిరాక ఆ దారిన వెళ్లిన లారీలో హీటర్ తిప్పితే గోరువెచ్చని గాలే వస్తోందా? టెంపరేచర్ ముల్లు కూడా కిందే ఉందా? అయితే చాలాసార్లు రెండింటికీ కారణం ఒక్కటే.

క్యాబిన్ హీటర్ సొంతంగా వేడి పుట్టించదు. మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కడైనా నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి, ఇంధనం మండగా పుట్టిన వేడి ఎటు పోతుందన్నది. స్థూలంగా మూడో వంతు పనికొస్తుంది, మూడో వంతు పొగతో పోతుంది, మిగతాది కూలెంట్‌కు చేరుతుంది. ఆ కాగిన కూలెంటే డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. దాని మీదుగా వీచిన గాలే డ్రైవర్‌కు వెచ్చగా తగులుతుంది. ఇంజిన్ కాగకపోతే హీటరూ కాగదు.

ఇంజిన్ ఎంత కాగాలో తేల్చేది అరచేతిలో ఇమిడే థర్మోస్టాట్ వాల్వు. దాని లోపల మైనం ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు వాల్వు మూసుకుని, కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనీయకుండా ఇంజిన్‌లోనే తిప్పుతుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో 80 డిగ్రీల ప్రాంతంలో మైనం కరిగి, ఉబ్బి, దారి తెరుస్తుంది. అలా తెరుచుకున్న వాల్వు మళ్లీ మూసుకోకుండా బిగుసుకుపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్‌లో చల్లారుతూనే ఉంటుంది. చలిలో ఖాళీ బండి నడిస్తే ముల్లు పైకే లేవదు.

మన దగ్గర వాల్వు చెడిపోవడమే కాదు, దాన్ని పీకేయడమూ ఉంది. ఎండాకాలం ఇంజిన్ మరిగిందంటే చాలు, వాల్వు తీసేస్తే చల్లగా ఉంటదన్న సలహా షెడ్డుల్లో వినిపిస్తుంది. ఇది తప్పు సలహా. మరగడానికి అసలు కారణం పూడుకుపోయిన రేడియేటరో, జారుతున్న ఫ్యాన్ బెల్టో, అరిగిన వాటర్ పంపో అయి ఉంటుంది. పైగా కొన్ని ఇంజిన్లలో వాల్వు లేకపోతే బైపాస్ దారి మూసుకోదు. కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే వెనక్కి తిరుగుతుంది. అప్పుడు మే నెల ఎండలో బండి ఇంకా ఎక్కువ మరుగుతుంది.

నష్టం హీటర్‌తో ఆగదు. చల్లటి సిలిండర్‌లో డీజిల్ పూర్తిగా మండక, మిగిలింది గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌ను పల్చన చేస్తుంది. ఆవిరైపోవాల్సిన చెమ్మ ఆయిల్‌లోనే చేరి జిడ్డుబురదగా మారుతుంది. మైలేజి పడిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల లారీల్లో పొగలోని మసిని పట్టి కాల్చేసే ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ సరిపడా కాగకపోతే ఆ పని సరిగా సాగక ఫిల్టర్ పూడుకుపోతుంది. ఆ రిపేరు ఖర్చు ముందు కొత్త వాల్వు ధర చాలా చిన్నది.

కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. రాత్రంతా ఆగి చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు తగలకుండా రేడియేటర్ పై హోసును ముట్టుకుని చూడాలి. వాల్వు బాగుంటే హోసు చాలాసేపు చల్లగానే ఉండి, తెరుచుకోగానే ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతుంటే వాల్వు తెరుచుకునే ఉంది, లేదా అసలు లేదు. ఇంకా అనుమానముంటే విప్పి, గిన్నెడు నీళ్లలో థర్మామీటర్‌తో పాటు వేలాడదీసి కాచాలి. వాల్వు మీద అచ్చువేసిన డిగ్రీల దగ్గర తెరుచుకుని, చల్లారాక పూర్తిగా మూసుకుంటే అది మంచిదే.

ముల్లు సరిగ్గా ఉండి హీటర్ మాత్రమే మొరాయిస్తే తప్పు వేరేచోట వెతకాలి. కూలెంట్ తగ్గి ఉండొచ్చు, పైపుల్లో గాలి చిక్కుకుని ఉండొచ్చు. చిన్న రేడియేటర్‌లోకి వెళ్లే పైపు కాలుతూ, బయటికొచ్చే పైపు చల్లగా ఉంటే లోపల పూడినట్టే. కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోసే బండ్లలో సున్నపు పొర, తుప్పు చేరి ఇది త్వరగా వస్తుంది.

లారీ ఉన్నవాళ్లు ఈసారి సర్వీసుకు వెళ్లినప్పుడు బండిలో థర్మోస్టాట్ వాల్వు ఉందో లేదో అడగండి. లేకపోతే మీ ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన డిగ్రీలదే, కొత్త గ్యాస్కెట్‌తో వేయించండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం రేడియేటర్ మూత ఎవరినీ తెరవనివ్వకండి.