ఉప్పు, పంచదార కలిసి తెరిచే తలుపు

పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నప్పుడు చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "నీళ్లు పట్టకండి, ఇంకా ఎక్కువవుతాయి." పెద్దవాళ్లు ప్రేమతోనే ఈ మాట చెబుతారు. తాగించినదంతా అటే పోతున్నట్టు కంటికి కనిపిస్తుంది కూడా. కాని ఆ మాట విని నీళ్లు ఆపేస్తే బిడ్డ ప్రాణానికే ప్రమాదం. ఎందుకో అర్థం కావాలంటే, కంటికి కనిపించని ఒక పొర గురించి తెలుసుకోవాలి.

కణపొర అంటే ఏమిటి?

మన శరీరమంతా కణాలతో నిర్మింపబడింది. ప్రతి కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. దీనినే కణత్వచం లేక కణపొర అంటారు. దీని మందం మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా తక్కువే. ఇందులో కొవ్వు పదార్థం రెండు వరుసలుగా అమరి ఉంటుందని 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్ శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాలను పరీక్షించి తెలియజేశారు.

నూనెలో ఉప్పు వేసి ఎంత కలిపినా కరగదు కదా! అలాగే ఉప్పు గానీ, చక్కెర గానీ ఈ కొవ్వు పొర గుండా దానంతట అది దాటలేదు. అందుకే పొరలో అక్కడక్కడ మాంసకృత్తులతో (ప్రోటీన్లతో) ఏర్పడిన తలుపులు ఉంటాయి. ఒక్కొక్క తలుపు కొన్ని పదార్థాలనే రానిస్తుంది. ఈ పొర కదలని గోడ కాదనీ, మెత్తని కొవ్వులో ప్రోటీన్లు తేలుతూ ఉంటాయనీ 1972లో సింగర్, నికల్సన్ అనే శాస్త్రవేత్తలు వివరించారు.

జంటగా వస్తేనే ప్రవేశం

మన చిన్నప్రేగు లోపలి కణాల పొరలో ఒక వింత తలుపు ఉంది. ఉప్పులోని సోడియం, చక్కెరలోని గ్లూకోజు రెండూ కలిసి వస్తేనే అది లోపలికి తీసుకుంటుంది. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఆ రెండూ లోపలికి వెళితే వాటి వెంట నీరు కూడా వెళుతుంది.

కలరా సోకినప్పుడు ఆ క్రిమి విషం వలన ఇదే పొరలోని మరో తలుపు తెరుచుకుపోయి, ఉప్పు, నీరు ధారగా బయటికి వచ్చేస్తాయి. అయితే జంట తలుపు మాత్రం పాడవదు! వట్టి నీళ్లతో తీరని లోటు, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో తీరడానికి కారణం ఇదే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంట సోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో ఉంచి, రోగుల బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. ఆయన 2022లో మరణించగా, 2023లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

కొలత తప్పితే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన కొలత ప్రకారం లీటరు ఓ.ఆర్.ఎస్. నీటిలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. వీటితోపాటు పొటాషియం, సిట్రేటు లవణాలు కూడా ఉంటాయి. లీటరు ప్యాకెట్టును ఒక గ్లాసు నీళ్లలో కలిపితే ద్రవం చిక్కనై, ఒంట్లోని నీటినే ప్రేగులోకి లాగుతుంది. కూల్‌డ్రింకులు, తీపి ఎక్కువైన పానీయాలు కూడా ఇంతే. అందుకే సరైన కొలత లేని పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడరాదని 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ఇందుకోసం హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు.

ఇంట్లో ఏం చేయాలి?

* ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో, కాచి చల్లార్చిన నీళ్లు అన్నే కొలిచి కలపండి. 24 గంటలు దాటితే పారబోయండి.
* ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీటికి అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార, గుండుగా కాక సమంగా కొలిచి కలపండి.
* ప్రతి విరేచనం తరువాత రెండేళ్ల లోపు బిడ్డకు 50 నుండి 100 మి.లీ., అంతకన్నా పెద్ద పిల్లలకు 100 నుండి 200 మి.లీ. పట్టండి.
* వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, స్పూనుతో కొద్దికొద్దిగా మళ్లీ పట్టండి.
* తల్లిపాలు, తిండి ఆపవద్దు. జింకు మందు డాక్టరు చెప్పినన్ని రోజులు వేయండి.

బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, తాగలేకపోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఓ.ఆర్.ఎస్. విరేచనాలను వెంటనే ఆపదు. పోయిన నీటిని తిరిగి ఒంటికి చేరుస్తుంది. ప్రాణం నిలిపేది అదే. ఈసారి ఇంట్లో ఎవరైనా "నీళ్లు పట్టకండి" అంటే వారితో మెల్లగా చెప్పండి: ప్రేగులో ఒక తలుపు ఇంకా తెరిచే ఉంది, దానికి కావలసినది కలిపి పడదాం అని.