గాలి గొట్టం మార్చిన కారులో తప్పే లెక్క

కంపెనీ అమర్చి ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ పెట్టెను తొలగించి, విడిగా అమ్మే వెడల్పాటి గొట్టాన్నీ శంకువు ఆకారపు ఫిల్టర్‌నూ కారుకు బిగించుకునేవారు, ఇంజిన్‌కు గాలి ధారాళంగా అందితే శక్తి పెరుగుతుందన్న ఆశతోనే ఆ పని చేస్తారు. సూత్రం తప్పు కాదు. అయితే బిగించిన కొద్ది రోజులకే పికప్ మందగించడం, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణకడం, చెక్ ఇంజిన్ లైటు వెలగడం మొదలైతే, అందుకు కారణం గాలి చాలకపోవడం కన్నా, లోపలికి పోతున్న గాలిని కారులోని కంప్యూటర్ తప్పుగా లెక్కగట్టడమే తరచుగా అవుతుంది.

ఒక కిలో పెట్రోలు సంపూర్ణంగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి గనుక, ఈసీయూ అనే ఆ కంప్యూటర్ ఎంత పెట్రోలు చిమ్మాలో నిర్ణయించే ముందు ఎంత గాలి వస్తున్నదో తెలుసుకోవాలి. అనేక కార్లలో ఈ పనిని మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్, క్లుప్తంగా మాఫ్, చేస్తుంది. ఇందులోని వేడి తీగను లేదా పొరను గాలి ఎంతగా చల్లబరుస్తుందో దానిని బట్టి పరిమాణం తెలుస్తుంది. కాని ఇది గొట్టంలోని గాలినంతటినీ కొలవదు. తనను తాకిన కొద్ది భాగాన్నే కొలిచి, గొట్టం వ్యాసం ఇంత అని ముందే నమోదైన లెక్కతో మొత్తాన్ని అంచనా కడుతుంది. సెన్సర్ ఉన్న చోట 70 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 77 మిల్లీమీటర్లది వేస్తే, పెరిగిన వ్యాసం పదో వంతే అయినా గాలి పోయే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. అంతే గాలి ఇప్పుడు నెమ్మదిగా సాగి, సెన్సర్‌కు తక్కువగా కనిపిస్తుంది. సోల పెద్దదైనా లెక్క పాత సోలదే అయినట్టు, ఈసీయూ తక్కువ గాలికి తగిన పెట్రోలునే ఇస్తుంది. ఇలా పెట్రోలు పాలు తగ్గిన మిశ్రమాన్ని లీన్ అంటారు. మామూలు ప్రయాణంలో పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఈ లోటును కనిపెట్టి సరిచేయిస్తుంది. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో ఆ దిద్దుబాటు అప్పటికప్పుడు జరగదు కనుక, ఇంజిన్ మీద అత్యధిక భారం పడే సమయంలోనే నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే మండడం, మొదలై పిస్టన్లకు హాని కలగవచ్చు. ఈ లోపాన్ని ఎంతమాత్రం తేలికగా తీసుకోరాదు.

కాబట్టి పరీక్ష విడిభాగాలతో కాక అంకెలతో మొదలు కావాలి. స్కానర్‌ను తగిలిస్తే కనిపించే ఫ్యూయల్ ట్రిమ్, ఈసీయూ తన అంచనాకు అదనంగా ఎంత శాతం పెట్రోలు కలుపుతున్నదో లేదా తగ్గిస్తున్నదో చెబుతుంది. ఇది 10 శాతానికి మించి ధనాత్మకంగా నిలిచిపోతే మిశ్రమం లీన్ అవుతున్నదని అర్థం, పి0171 అనే కోడ్ కూడా ఆ మాటే చెబుతుంది. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉన్న ట్రిమ్, ఇంజిన్ వేగం పెంచగానే తగ్గిపోతే, మాఫ్ దాటిన తరువాత ఎక్కడో సందులోంచి లెక్కకు రాని గాలి చొరబడుతున్నదని అనుమానించాలి. సిలికాన్ జోడింపుల దగ్గర వదులైన క్లాంపులు, తిరిగి తగిలించని బ్రీదర్ పైపు ఇందుకు సాధారణ కారణాలు. సందును కనుక్కోవడానికి మండే ద్రవాలను వేడి ఇంజిన్ మీద చల్లే అలవాటు ప్రమాదకరమైనది. గొట్టాల్లోకి పొగ పంపి చూసే స్మోక్ టెస్ట్ క్షేమకరం. అలా కాక ట్రిమ్ అన్ని వేగాల్లోనూ, ముఖ్యంగా భారం పెరిగినప్పుడు, ఎక్కువగానే ఉంటే అనుమానం మాఫ్ మీదికి మళ్లుతుంది, పెట్రోలు పంపు బలహీనతను కూడా తోసిపుచ్చలేం.

మాఫ్ తప్పుగా చదవడానికి గొట్టం వ్యాసం ఒక్కటే కారణం కాదు. నూనె పట్టించి వాడే నూలు ఫిల్టర్‌కు అవసరానికి మించి నూనె వేస్తే అది తీగ మీద పేరుకుంటుంది. ఆ సెన్సర్ కోసమే తయారైన స్ప్రేతో, తీగను ముట్టుకోకుండా శుభ్రం చేయాలి. వంపు పక్కనే సెన్సర్‌ను అమర్చినా సుడులు తిరిగే గాలి అంకెలను నిలకడగా ఉండనివ్వదు. మాఫ్ లేకుండా, ఇంటేక్ మానిఫోల్డ్‌లోని పీడనాన్ని చదివే మ్యాప్ సెన్సర్‌తో నడిచే కార్లలో గొట్టం వ్యాసం లెక్కను ఇంతగా చెడగొట్టదు.

ఇక వేడి సంగతి. గాలి ఉష్ణోగ్రత 3 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. బానెట్ కింద ఏ అడ్డుగోడా లేకుండా అమర్చిన ఫిల్టర్ బయటి గాలి కన్నా 30 డిగ్రీలు వేడిగా ఉన్న గాలిని పీల్చుకుంటే, పోయే సాంద్రత ముందు వెడల్పు గొట్టం తెచ్చే లాభం నిలవదు. రామగుండం వంటి చోట్ల మే నెలలో ఈ నష్టం మరింత బాధిస్తుంది. స్కానర్‌లో ఇంటేక్ గాలి ఉష్ణోగ్రతను బయటి ఉష్ణోగ్రతతో పోల్చితే విషయం తేలుతుంది. చల్లని గాలి కోసం ఫిల్టర్‌ను బంపరు కిందికి దించితే మరో ముప్పు ఉంది: 2020 అక్టోబరులో హైదరాబాదులో వచ్చినటువంటి వరదల్లో ఆ ఫిల్టర్ నీటిని పీలుస్తుంది, నీరు గాలిలా కుదించుకుపోదు కనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

ఇవన్నీ సరిచూసినా లోపం తేలకపోతే, కంపెనీ పెట్టెనే తిరిగి బిగించి, అదే దారిలో అదే గేరులో నడిపి చూడాలి. లక్షణాలు మాయమైతే తప్పు కొత్త గొట్టానిది. మాయం కాకపోతే స్పార్క్ ప్లగ్‌లను, పెట్రోలు పంపును పరీక్షించాలి. ఆ పాత పెట్టెను పారవేయరాదు.